మన చరిత్రలో మిల్లు గేటు ఎక్కడ?



మన సంఘం ఆఫీసులో పుస్తకాల బీరువా పెట్టాలని కమిటీ తీర్మానించినప్పుడు కొందరు మిత్రులు గట్టిగా అడ్డు చెప్పారు. “బోనసు సంగతి చూడండి, పుస్తకాలు ఆఫీసరు బాబులకి” అన్నారు. ఇంకొందరు “కొంటే మన కులం చరిత్ర కొనండి” అన్నారు. మొదటి మాటకు జవాబు బోనసు చర్చల్లోనే చెబుతాము. రెండో మాటను మాత్రం వదిలిపెట్టలేము.

తిరుచ్చులి అనగానే 1879లో రమణ మహర్షి పుట్టిన ఊరని అందరూ చెబుతారు. తెల్లవారుజామున ఆ ఊరి నుంచి అరుప్పుక్కోట్టై వైపు మిల్లు పనికి పోయే బస్సు సంగతి ఎవరూ చెప్పరు. ఆ బస్సులోనే ఈ మధ్య ఒక చిన్న పుస్తకం చేతులు మారుతూ ఉంది. అట్ట మీద కత్తి పట్టిన రాజు, లోపల వంశవృక్షం, చివరి పేజీల్లో చందాలిచ్చిన పెద్దల ఫోటోలు. మేము మొదటి నుంచి చివరి దాకా చదివాము. అందులో నాగలి పట్టినవాడు లేడు, రాట్నం తిప్పిన ఆడమనిషి లేదు. ఒక మిల్లులో వేతన ఒప్పందం మాటలు సాగుతున్న వారంలోనే దాన్ని గేటు దగ్గర ఉచితంగా పంచారు. ఆ వారం గేటు మీటింగులో ఒకే డిపార్టుమెంటు వాళ్ళు కులానికొక గుంపుగా నిలబడ్డారు. ఆ పుస్తకం ఎవరు అచ్చు వేయించారో మాకు తెలియదు. లాభం ఎవరికి వచ్చిందో మీకే తెలుసు.

కట్టబొమ్మన్‌ను మేము తక్కువ చేయడం లేదు. ఆయన సినిమాకు టూరింగు టాకీసులో ఈలలు వేసినవాళ్ళమే మేమూ. ఆయన తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకుల ఇంట పుట్టినవాడు, 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికంబం ఎక్కినవాడు. అయితే ఆయన పక్షాన నిలిచి ప్రాణమిచ్చిన సుందరలింగం తెలుగువాడా? దేవేంద్రకులస్థుడు. ఆ పేరు ఈ కుల పుస్తకంలో ఎందుకు లేదు?

ఇక 1908. తూత్తుకుడి కోరల్ మిల్లులో ఫిబ్రవరి 27న కార్మికులు పని ఆపేశారు. కూలి పెంచాలి, వారానికొక రోజు సెలవు కావాలి అన్నారు. వ.ఉ. చిదంబరం పిళ్ళై, సుబ్రమణ్య శివ వాళ్ళకు అండగా నిలిచారు. పది రోజులు తిరిగేసరికి తెల్లదొర యాజమాన్యం దిగివచ్చింది. కూలి పెరిగింది, సెలవు వచ్చింది. మార్చి 12న చిదంబరం పిళ్ళైని అరెస్టు చేశారు, మర్నాడు తిరునెల్వేలి భగ్గుమంది, కాల్పుల్లో నలుగురు చనిపోయారు. ఇంత జరిగితే ఆయన మనకు ‘ఓడ నడిపిన తమిళుడు’గానే మిగిలాడు. 1961 సినిమా పేరే అది. ఆ సమ్మెలో పస్తులున్న కార్మికులవి ఎన్ని పేర్లు చెప్పగలం? ఆ తిరుగుబాటు మీద ఎ.ఆర్. వెంకటాచలపతి రాసిన పుస్తకానికి 2024 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన బీరువాలోకి మొదట వచ్చేది అదే.

“అవన్నీ తమిళ పుస్తకాలు కదా” అంటారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైచెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ రాసిందీ తమిళంలోనే. ఏడో తరగతితో బడి మానేసి సేద్యం చేసినవాడు, రైతు పోరాటాలకు జైలుకు పోయినవాడు. ఆయన 1976లో రాసిన ‘గోపల్ల గ్రామం’లో మన ముత్తాతలు ఆంధ్రదేశం నుంచి పారిపోయి వచ్చి ఈ నల్లరేగడిలో ముళ్ళకంపలు తగలబెట్టి ఊరు కట్టుకున్న కథ ఉంది. చెప్పేది రాజు కాదు, ఆస్థాన కవి కాదు, మంగత్తాయారు అనే పండు ముసలమ్మ. మా అవ్వ పక్కన పడుకుని విన్నట్టే అనిపించింది, ఒక రాత్రి షిఫ్టు నిద్ర పోగొట్టుకున్నాము. దాని తరువాయి నవలకు 1991లో అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశాడు.

ఆ పుస్తకంలోనూ మాకొక కొరత కనిపించింది. భూమి సంపాదించినవాళ్ళ గొంతు వినిపించినంతగా ఆ భూమిలో కూలికి వచ్చినవాళ్ళ గొంతు వినిపించదు. ఆ కొరత తీర్చినవాళ్ళూ ఈ కరిసల్ నేలవాళ్ళే. పూమణి ఉన్నాడు. ఉరుళైకుడి చో. ధర్మన్ ఉన్నాడు. చెరువుల కథగా ఆయన రాసిన ‘సూల్’కు 2019లో అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన కోవిల్‌పట్టిలో ఏళ్ళ తరబడి మిల్లు కార్మికుడు! మనతోపాటు దూది దుమ్ము మింగినవాడు రాస్తే, పుస్తకాలు ఆఫీసరు బాబులకి ఎట్లా అవుతాయి? రఘునాథన్ 1953లో రాసిన ‘పంజుమ్ పసియుమ్’ కూడా కొంటున్నాము. నూలు దొరక్క ఆకలితో మాడిన అంబాసముద్రం నేతగాళ్ళ కథ అది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చినవాళ్ళం, చదవలేమా? చదవలేనివాళ్ళకు పక్కవాడు చదివి వినిపించాలి. ఈ పత్రికను మీరు చదువుకునేది అట్లాగే కదా.

కుల పుస్తకం తేవద్దని మేము అనడం లేదు. అదీ బీరువాలో ఉంటుంది, ధర్మన్ పక్కనే.

బీరువా పైఅరలో ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టాము. పేరు, డిపార్టుమెంటు, చేరిన సంవత్సరం, పాల్గొన్న సమ్మెలు, చూసిన లాకౌట్లు, ప్రమాదాలు అన్నీ అందులో రాయాలి. కార్డింగులో దగ్గుతో పోయిన ముగ్గురి పేర్లు ఇప్పటికే ఎక్కించాము. తిరుచ్చులి సభ్యులు వచ్చే ఆదివారం రిటైరయిన పెద్దలను వెంట తీసుకురావాలి. రాయలేనివాళ్ళు చెప్పండి, మేము రాస్తాము.