పొట్టు చూస్తే పదును తెలుస్తుంది

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేశాక, రోడ్లకు అడ్డంగా పడ్డ చెట్లను తొలగించడానికి మెషీన్ రంపాలే దిక్కయ్యాయి. అయితే నేలన పడ్డ చెట్టుతో ఓ చిక్కుంది. కోత చివర్లో తిరిగే గొలుసు ఒక్కసారి మట్టికో, రాయికో తగిలిందా... అప్పటిదాకా వెన్నలా కోసింది కాస్తా మొద్దుబారిపోతుంది!

ఆ సంగతి కింద రాలే పొట్టే చెప్పేస్తుంది. దుంగను అడ్డంగా కోస్తున్నప్పుడు పెచ్చులు రాలితే పదునున్నట్టు. పిండిలాంటి పొడి రాలుతుంటే పోయినట్టు. అప్పుడు బలంగా అదిమి కోయబోతే పొగలు తప్ప పని సాగదు.

ఈ పెచ్చుల వెనక ఓ పురుగుంది. పాత గొలుసుల పళ్లు కలపను గీకేవి, మాటిమాటికీ సాన పట్టాల్సివచ్చేది. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో కలప కోసే జో కాక్స్, మొద్దును తొలిచేస్తున్న ఓ పెంకుపురుగు లార్వాను గమనించాడు. దాని దవడలు కుడికీ ఎడమకీ కొరుకుతూ నిలువూ అడ్డం తేడా లేకుండా కలపను తినేస్తున్నాయి. అచ్చం అలాంటి పళ్లనే ఉక్కుతో చేసి 1947లో అమ్మకానికి తెచ్చాడు. ఇప్పటికీ గొలుసులో ఓ పన్ను కుడికి, ఓ పన్ను ఎడమకి ఉండేది అందుకే.

సాన పట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. గొలుసును బట్టి 4, 4.8, 5.5 మిల్లీమీటర్లు... ఇలా సైజు మారుతుంది. ఇంజిన్ ఆపి, గ్లవ్స్ తొడుక్కుని, పంటి లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. చాలా గొలుసులకు 30 డిగ్రీల వాలు సరిపోతుంది. ఓ పంటికి మూడుసార్లు రుద్దితే అన్నిటికీ మూడే. ఒక వైపు ఎక్కువ అరిగితే కోత వంకరపోతుంది.

ప్రతి పంటి ముందూ ఓ చిన్న బుడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతుకు దిగాలో తేల్చేది అదే. సాధారణంగా పంటి అంచు కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికుంటే చాలు. త్వరగా తెగుతుందని దాన్ని మరీ అరగదీస్తారు కొందరు. ఆ తొందరే కొంప ముంచుతుంది... కొన తగిలిన రంపం మనిషి మీదికే ఎగిరే ప్రమాదం పెరుగుతుంది.

గొలుసుకు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయడమూ పొదుపేం కాదు. అందులోని మురికికి గొలుసూ, బ్లేడూ అరిగిపోతాయి. పని అయ్యాక గొలుసును కాస్త వదులు చేసి పెట్టాలి. వేడికి సాగినప్పుడు బిగించిన గొలుసు చల్లారితే ముడుచుకుపోతుంది మరి!