సరుకు వేళకు కావాలంటే డబ్బూ వేళకు రావాలి

సంపాదకులు గారికి,

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 ఆగస్టులో కియా తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చినప్పటి నుంచి మా ప్రాంతంలో ఒక మాట తరచుగా వినబడుతోంది. బెంగళూరు-హైదరాబాదు రహదారి ఉంది, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లున్నాయి, భూమి ఉంది, కాబట్టి విడిభాగాలు చేసేవాళ్లు ఇక్కడే షెడ్లు వేసుకుంటే కర్మాగారం లైనుకు గంటల లెక్కన సరుకు అందించవచ్చు అని. ‘జస్ట్ ఇన్ టైమ్’ పేరు చెప్పి అనుబంధ పరిశ్రమలను పిలవడం మంచి పనే. హిందూపురంలో ఇరవై రెండేళ్లుగా ఉక్కు రేకుతో విడిభాగాలు చేసే ప్రెస్సు షాపు నడుపుతున్న నాకు అంతకంటే కావలసింది ఏముంటుంది? నా బాధల్లా ఒక్కటే. సరుకు వేళకు రావాలని అందరూ అంటున్నారు. దాని డబ్బు ఏ వేళకు రావాలో ఒక్కరూ అనడం లేదు.

ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో చూడండి. ఎర్రమంచి కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. పనిదినాలు 300 అనుకుంటే రోజుకు వెయ్యి. వెయ్యి కార్ల సీట్లు, బంపర్లు, డాష్‌బోర్డులు ఒక్కరోజువి పేర్చినా ఎంత చోటు కావాలి! అందుకని గోడౌను ఎత్తేసి, ఏ గంటకు ఏది కావాలో ఆ గంటకే తెప్పించుకుంటారు. నిల్వ తగ్గితే ఖర్చు తగ్గుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది. అందులో సందేహం లేదు.

అయితే నిల్వ పూర్తిగా పోయిందని అనుకోకండి. చాలా వరకు చోటు మారిందంతే. కార్ల కంపెనీ గోడౌనులోంచి దానికి నేరుగా సరఫరా చేసేవాళ్ల దగ్గరికి, వాళ్ల దగ్గరి నుంచి నాలాంటి మూడో మెట్టువాడి షెడ్డులోకి వచ్చింది. షెడ్యూలు ఏ సాయంత్రం మారుతుందో తెలియదు కనుక బ్రాకెట్లు, క్లిప్పులు వారానికి సరిపడా చేసి బిన్నుల్లో నింపి పెట్టుకుంటాను. వాటికి కొన్న ఉక్కు షీటుకు డీలరు ముందే డబ్బు తీసుకుంటాడు. ఏడో తేదీకల్లా జీతాలు ఇవ్వాలి. బిల్లు కొట్టిన మరుసటి నెలలోనే, డబ్బు చేతికి వచ్చినా రాకున్నా, జీఎస్టీ కట్టాలి. ఈ మధ్యకాలమంతా నడిచేది బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు మీద. అంటే పెద్ద కంపెనీ నిల్వకు వడ్డీ కడుతున్నది నేను.

నాలుగేళ్ల కిందట పొరుగు రాష్ట్రంలోని ఒక కంపెనీకి పార్టులు పంపేవాణ్ణి. ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి మా బండి రెండు గంటలు ఆలస్యంగా చేరింది. లైను ఆగిందంటూ డెబిట్ నోటు తెల్లారేసరికి వచ్చేసింది. ఆ రోజుకు వాళ్ల నుంచి నాకు రావలసిన పాత బిల్లుకు 112 రోజులు. రెండు గంటల ఆలస్యానికి జరిమానా ఉంది, 112 రోజుల ఆలస్యానికి లేదు. ఆ నెల జీతాలకు మా ఇంటావిడ గాజులు బ్యాంకులో పెట్టాను. ఫిర్యాదు చేయలేదు. చేస్తే వచ్చే నెల షెడ్యూలులో మన పేరు ఉండదని ఈ రంగంలో అందరికీ తెలుసు.

చట్టం లేక కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. కానీ అడగవలసింది మేమే, అడిగితే నష్టపోయేదీ మేమే.

జస్ట్ ఇన్ టైమ్ పుట్టింటికి వెళ్లి చూద్దాం. జపాన్‌లో కొరోమో అనే ఊరు 1959లో అక్కడి కార్ల కంపెనీ పేరిట టయోటా అని పేరే మార్చుకుంది. 1997 ఫిబ్రవరి 1న ఆ కంపెనీకి బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు చేసే ఐసిన్ వాళ్ల కరియా కర్మాగారం కాలిపోయింది. దాదాపు ఆ వాల్వులన్నీ అక్కడే తయారయ్యేవి. నిల్వ ఉన్నది చాలా తక్కువ. టయోటా లైన్లు ఆగిపోయాయి. అప్పుడు చుట్టుపక్కల చిన్నాపెద్దా కంపెనీలు, కుట్టుమిషన్లు చేసే బ్రదర్ సహా, ధర కూడా మాట్లాడుకోకుండా ఆ వాల్వు చేయడానికి దిగాయి. వారం తిరిగేలోపే కార్లు మళ్లీ కదిలాయి. తర్వాత టయోటా తన ప్రధాన సరఫరాదారులకు అందుకు తగిన ప్రతిఫలం ఇచ్చింది. ధర అడగకుండా పనిలోకి దిగడానికి గుండెధైర్యం ఒక్కటే చాలదు, డబ్బు ఎక్కడికీ పోదన్న నమ్మకం ఉండాలి. అక్కడ పెద్దలు చిన్నవాళ్లను పిండరని నేను అనను. పిండుతారని తెలిసే 1956లోనే అక్కడ ప్రత్యేకంగా చట్టం చేశారు. సరుకు అందిన 60 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని అది చెబుతుంది. మనం జస్ట్ ఇన్ టైమ్‌ను తెచ్చుకుని డబ్బు వేళకు వస్తుందన్న ఆ నమ్మకాన్ని అక్కడే వదిలేశాం.

డబ్బు వేళకు ఇవ్వాలని గట్టిగా పట్టుబడితే కంపెనీలు హోసూరుకో శ్రీపెరంబుదూరుకో పోతాయని కొందరు భయపడతారు. భూమి, రోడ్డు అక్కడా ఉన్నాయి. మన కంటే వాళ్లకు ఎక్కువగా ఉన్నవి ఏళ్ల తరబడి నిలదొక్కుకున్న టూల్‌రూములు, లేత్ షాపులు, డై చేసే పనివాళ్లు. కొరియా నుంచో పూణే నుంచో వచ్చే సరఫరాదారుడు ముందు వెతికేది వాళ్లనే. రాత్రి డై విరిగితే తెల్లారేలోపు బాగుచేసే మనిషి ఊళ్లో ఉంటేనే లైను నడుస్తుంది. ఆ మనిషి బిల్లు నాలుగు నెలలు ఆపితే అతను షట్టరు దించి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. మా వీధిలో అలా మూతపడినవి మూడు షాపులు.

అందుకే జిల్లా యంత్రాంగానికి, పరిశ్రమల శాఖకు నా విన్నపం ఇది. రాయితీ భూమి, కరెంటు, పన్ను వెనక్కి ఇవ్వడం వంటివి పొందే ప్రతి కంపెనీకీ ఒక షరతు పెట్టండి. చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటిన బాకీ ఉంటే ఆ విడత ప్రోత్సాహకం ఆపండి. లెక్క తేల్చడానికి మమ్మల్ని ఫిర్యాదు చేయమనకండి. 45 రోజులు దాటిన బాకీలున్న కంపెనీలు 2019 నుంచి ఎంఎస్ఎంఈ-1 అనే ఫారం కేంద్రానికి దాఖలు చేయాలి, ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 30కి, అక్టోబరు 31కి. దాని నకలు ఒకటి తెప్పించుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తర్వాతి విడత విడుదల చేసేముందు దయచేసి ఆ కాగితం అడగండి.

ఇట్లు,
ఒక చిన్న పరిశ్రమ యజమాని,
హిందూపురం