మన ఇంటి తలుపులో సీసం ఎంత?

ఉప్పల్, నాచారంలో ఇళ్ళకు రంగులేసేది మనోళ్ళు. పాత రంగు గోకేది మనోళ్ళు. ఆ దుమ్ము బట్టల మీద మోసుకొచ్చి పసిబిడ్డను ఎత్తుకునేదీ మనోళ్ళే. ఆ దుమ్ములో సీసం ఎంతుందో ఎవరు చూడాలి?

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. ఇంటి రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించి సీసం ఉండొద్దని కేంద్రం 2016లో నియమం తెచ్చింది. 2017 నవంబర్ నుంచి అమలన్నది. అమెరికా ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించింది. అంటే మనకు దాదాపు నలభై ఏళ్ళ ఆలస్యం. అప్పటిదాకా వేసిన రంగు ఎక్కడికి పోయింది? తలుపుల మీదే ఉంది, కిటికీ ఊచల మీదే ఉంది. నియమం కొత్త డబ్బాకే గాని పాత తలుపుకు కాదు. పెద్దోళ్ళ ఇల్లు కూలిస్తే ఆ తలుపులు అగ్గువకు కొని పెట్టుకునేది ఎవరు?

సున్నంతో ఈ భయం లేదు. నూనె రంగుల్లో, అందులోనూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో సీసం ఎక్కువ కలిపేవారు. అది పెచ్చులూడి దుమ్మవుతుంది. పాకే బిడ్డ ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది. పెద్దల కన్నా పిల్లల ఒంటికి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. తిండిలో ఇనుము, కాల్షియం చాలని బిడ్డకు ఇంకా ఎక్కువ. ఆకలి ఉన్నచోటే విషం బాగా ఇంకుతుందన్నమాట. దెబ్బ మెదడు మీద. ఇంత వరకైతే పర్వాలేదన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చదువు తలకెక్కని బిడ్డను 'మొద్దు' అనేముందు, 'ఈ కులపోళ్ళకు చదువు రాదు' అనేముందు, ఆ బిడ్డ నెత్తురు పరీక్ష చేయించారా? పంతుళ్ళుగా మేం అడుగుతున్నాం.

ఉప్పల్ దారిలో హబ్సిగూడ దగ్గరే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. తలుపు మీద పెడితే గోకకుండానే సీసం లెక్క చెప్పే ఎక్స్‌రే యంత్రాలూ వచ్చాయి. శాస్త్రం మన బస్తీకి బస్సు దూరంలోనే ఉంది. దాన్ని గడపదాకా రప్పించాలి. అంగన్‌వాడీలు, సర్కారు బడులు, హాస్టళ్ళ తలుపులు, మంచాలు ముందు పరీక్షించాలి. బస్తీ పిల్లలకు, రంగు కూలీలకు ఉచితంగా రక్తపరీక్ష చేయాలి.

అప్పటిదాకా పాత రంగును పొడిగా గోకొద్దు, కాల్చొద్దు. తడిపి గోకండి, తడిగుడ్డతో తుడవండి. పనిబట్టలు మార్చి, స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోండి. అన్నానికి ముందు పిల్లల చేతులు కడిగించండి.

ఇవి మనం చేసుకోగలిగినవి. లెక్క తేల్చడం మాత్రం సర్కారు పని. బస్తీ సంఘాలు ఈ పక్షంలోనే కూర్చోవాలి, అర్జీ రాయాలి, జవాబు వచ్చేదాకా వదలొద్దు.