తండా పిల్లలకు కోడింగ్ ఎందుకు అంటారా?

కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు కోడింగ్ పరిచయం చేయాలని రాశారు. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు అంతకుముందే మొదలుపెట్టినారు. మన తండాల నుంచి వచ్చినోళ్లలో నాలాంటి వాళ్లు డిగ్రీకి వచ్చినాకే కీబోర్డు మీద చెయ్యి పెట్టినాం. ల్యాబులో పక్కనోడు ప్రోగ్రాం పూర్తి చేసేసరికి మనం ఇంకా అక్షరాలు వెతుక్కుంటుంటాం. వాడు ఏడెనిమిదేళ్లు ముందు మొదలుపెట్టినాడు, అంతే తేడా. కానీ మనోళ్లు "ఇది మనకు రాదులే" అనుకుని వెనక బెంచీకి పోతున్నారు. నా బాధ అదే.

"పిల్లలకు తెలుగు చదవడమే సరిగా రాదు, కోడింగ్ ఎందుకురా?" అని హాస్టల్లో ఒక అన్న అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. చదవడం రాని పాపకు ముందు చదవడమే నేర్పాల. అయితే కోడింగ్ అంటే స్క్రీన్ ముందు ఇంగ్లీషులో టైప్ చేయడమే అనుకుంటే రెండింటికీ పోటీ ఉన్నట్టు కనిపిస్తుంది.

మన బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టర్ చూడండి. కరెంటు వస్తే మోటారు ఆన్ కావాల. అర్ధరాత్రి వచ్చినా నాయన లేచి చేనికి పోనక్కర్లేదు. మరి బోరులో నీళ్లు లేకుంటే? ఉత్తగా తిరిగి మోటారు కాలిపోతుంది. కాబట్టి ఇంకో షరతు కలపాల: నీళ్లు రాకుంటే ఆపెయ్. కోడింగ్‌కు మొదటి పాఠం ఇదే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పకనే తెలుసు. దాన్ని వరుసగా, ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పించాల.

కంప్యూటర్ లేకుండా నేర్పే ఆటలు న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీలో తయారైనాయి. పేరు 'సీఎస్ అన్‌ప్లగ్డ్'. నేల మీద సుద్దతో గీతలు, గుండ్రాలు గీసి ఆరుమంది పిల్లలకు ఆరు అంకెలు ఇస్తారు. గుండ్రంలో ఇద్దరు కలిస్తే చిన్న అంకె ఎడమకు, పెద్దది కుడికి. చివరికి అందరూ వరుసలో నిలబడతారు. ఇది తండాలో గుడి ముందరే ఆడించొచ్చు, గోర్ బోలీలోనే చెప్పొచ్చు.

చోటు కూడా కొత్తగా వెతకాల్సిన పని లేదు. ఆర్డీటీ వాళ్లు మన జిల్లా ఊళ్లల్లో ఎన్నో ఏళ్లు సాయంత్రం బడులు నడిపినారు. అమ్మానాయన బెంగళూరుకు వలస పోతే అవ్వ దగ్గర ఉండే పిల్లలకు అలాంటి చోటే పెద్ద ఆసరా. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ట్యాబు మంచిదే. కానీ "ఎక్కడ తప్పిందో చూద్దాం రా" అని పక్కన కూర్చునే మనిషి ట్యాబులో రాడు.

ఆ మనిషి మనమే కావాల. సెలవులకు ఇంటికి పోయినప్పుడు వారానికి రెండు సాయంత్రాలు, గంటసేపు చాలు. ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఇంట్లో ఉండే ఒక్క ఫోను ఎప్పుడూ అన్న చేతిలోనే ఉంటుంది కదా.

ఈ సెలవుల్లో ఎవరి తండాలో ఎవరు మొదలుపెడతారో పేరు చెప్పండి. మా తండాలో నేను మొదలుపెడుతున్నా.