మేకల మహమ్మారి - 2030 గడువు

న్యూఢిల్లీ: పార్లమెంటులో ఆవు పేరు వినిపించినంతగా మేక పేరు వినిపించదు. రాజ్యాంగం 48వ అధికరణం గోవులను, దూడలను, ఇతర పాడి, దుక్కి పశువులను ప్రస్తావించింది. మేకకు అందులో చోటు దక్కలేదు. అయినా 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14 కోట్ల 88 లక్షలు, గొర్రెలు 7 కోట్ల 42 లక్షలు. గొర్రెల సంఖ్యలో తెలంగాణది ప్రథమ స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది ద్వితీయ స్థానం. వీటి యజమానులలో అధిక సంఖ్యాకులు సెంటు భూమి లేనివారు, సన్నకారు రైతులు, ఒంటరి స్త్రీలు. వారికి మేకే బ్యాంకు, మేకే భీమా. ఆ బ్యాంకును వారం రోజుల్లో దివాలా తీయించగల వ్యాధి పీపీఆర్. మన కాపరులు దానిని పారుడు రోగమంటారు. 2030 నాటికి దీనిని దేశంలో లేకుండా చేస్తామని కేంద్ర ప్రభుత్వం సంకల్పం చెప్పుకొన్నది. ఆ సంకల్పం ఎంతవరకు వచ్చిందన్నదే ఈ వారం విచారించదగిన విషయం.

ముందు వ్యాధి స్వరూపం. రోగపు మేకతో కలిసి మేసిన నాలుగైదు రోజులకు 104 నుంచి 106 డిగ్రీల జ్వరం వస్తుంది. కంటి నుంచి, ముక్కు నుంచి నీరు కారి, తరువాత చిక్కబడి చీమిడిగా గడ్డకట్టి ముక్కు రంధ్రాలను మూసివేస్తుంది. చిగుళ్లమీద, నాలుకమీద తవుడు చల్లినట్లు పొర కనిపిస్తుంది. నోటి దుర్వాసన దగ్గరకు పోనివ్వదు. రెండు మూడు రోజుల్లో పారుడు, దగ్గు, ఆయాసం. చూడి మేకలు ఈసుకుపోతాయి. నాలుగు నెలలు దాటి ఏడాది లోపు వయసున్న పిల్లలు ఎక్కువగా చనిపోతాయి.

పొరపాటు జరిగేది ఇక్కడే. గాలికుంటులోనూ నోరు పుండవుతుంది, కాని దానిలో గిట్టల మధ్య కూడా పుండ్లు పడి జీవం కుంటుతుంది. పారుడు రోగంలో కాళ్లకు ఏమీ కాదు. మూతి పుండ్ల వ్యాధిలో పెదవులమీద పక్కులు కడతాయి, పారుడు ఉండదు. మేకలకు మాత్రమే వచ్చే అంటు ఊపిరితిత్తుల వ్యాధిలో దగ్గు, ఆయాసం తప్ప నోటిలో పుండ్లు కనిపించవు. అది సూక్ష్మజీవి వల్ల వచ్చేది గనుక టైలోసిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ వంటి మందులకు లొంగుతుంది. తొలకరి పచ్చిక మేసిన బలమైన జీవం ఉదయం చక్కగా ఉండి సాయంత్రానికి పడిపోతే అది చిటుక వ్యాధి. చిటికెలో చంపుతుంది గనుక ఆ పేరు వచ్చింది కాబోలు. దానికి వర్షాలకు ముందే టీకా వేయించాలి. వ్యాధి వచ్చిన తరువాత వైద్యానికి వ్యవధి చాలదు.

పారుడు రోగానికి కారణం వైరస్. దానిని నేరుగా చంపే మందు లేదు. యాంటీబయాటిక్ సూదులు వేసేది వెనుకనే వచ్చే ఊపిరితిత్తుల జబ్బును ఆపడానికే. పలుచని పొటాషియం పర్మాంగనేటు నీళ్లతో నోరు కడిగి బోరో గ్లిజరిన్ రాయడం, ఉప్పు, పంచదార కలిపిన నీరు తాగించడం, గంజి, లేత ఆకు పెట్టడం - ఈ శుశ్రూషతో కొన్ని బతుకుతాయి. రోగపు జీవాన్ని వెంటనే మంద నుంచి వేరు చేయాలి. మన కాపరి సాధారణంగా చేసేది మాత్రం ఇందుకు విరుద్ధం. నాలుగు మేకలు నలతగా కనిపించగానే మిగిలిన వాటిని సంతకు తోలి వచ్చినకాడికి అమ్ముకుంటాడు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. చచ్చిన మేకకు పరిహారం ఇచ్చే నాథుడు లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కాని ఆ సంత నుంచే వ్యాధి పది ఊళ్లకు చేరుతుంది.

ఈ జబ్బు చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. 1942లో ఐవరీ కోస్టులో గుర్తించిన దీనిని మన దేశంలో మొదట నిర్ధారించింది 1987లో, తమిళనాడులోని అరసూరు గ్రామంలో. పశువులను శతాబ్దాలు పీడించిన ముసర వ్యాధి వైరస్ దీనికి దగ్గరి బంధువు. ముసర 1995 తరువాత మన దేశంలో కనిపించలేదు. 2011లో ప్రపంచమంతటా అంతరించినట్లు ప్రకటించారు. ముసర టీకా మేకలకు పారుడు రోగం నుంచి కూడా రక్షణ ఇచ్చేది. ఆ టీకా ఆగిన తరువాత పారుడు రోగానికి బాట సుగమమైందని శాస్త్రజ్ఞులలో ఒక అభిప్రాయం ఉన్నది.

ముసరను జయించిన దేశం దీనిని జయించలేదా? శాస్త్రం వరకు అడ్డంకి లేదు. వైరస్ ఒకే రకం. కోలుకున్న జీవానికి జీవితాంతం రక్షణ. మోసుకు తిరిగే వాహకాలు ఉండవు. భారత పశువైద్య పరిశోధన సంస్థ ముక్తేశ్వర్‌లో రూపొందించిన ‘సుంగ్రీ 96’ టీకా ఒక్క మోతాదు మూడేళ్లకు తక్కువ కాకుండా కాపాడుతుంది. హైదరాబాదులోనూ పీపీఆర్ టీకా తయారవుతున్నది. 2010లో కేంద్ర పథకం మొదలైనప్పుడు తొలి విడత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సామూహికంగా టీకాలు వేసిన చోట్ల వ్యాధి తగ్గింది కూడా.

చిక్కు పరిపాలనలో ఉన్నది. 2019 సెప్టెంబరులో మథురలో ప్రధాని ప్రారంభించిన 13,343 కోట్ల రూపాయల జాతీయ కార్యక్రమం గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధులకు ఉద్దేశించినది. అందులో పారుడు రోగం లేదు. తరువాత దానిని వేరే పథకంలో చేర్చి, టీకా ఖర్చు పూర్తిగా కేంద్రమే భరించసాగింది. ఇది మెచ్చదగినదే. కాని టీకా వేసే చేయి రాష్ట్రానిది. పశువ్యాధుల నివారణ రాష్ట్రాల జాబితాలో 15వ అంశం; వ్యాధి రాష్ట్రాల సరిహద్దు దాటకుండా చూడటం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. ఈ రెండింటి నడుమ మేక స్వేచ్ఛగా సంచరిస్తున్నది. 2009లో అంటువ్యాధుల నిరోధక చట్టం చేసి, రోగం ప్రబలిన ప్రాంతం నుంచి జీవాల రాకపోకలను నిషేధించే అధికారం ఇచ్చారు. వారపు సంత గేటు దగ్గర ఆ చట్టం ఎంతమంది ఎరుగుదురు?

వేసవిలో మేత కోసం నల్లమల వైపు, కృష్ణా, గోదావరి తీరాల వైపు తరలే గొల్ల, కురుమల మందలను టీకా బృందం ఏ ఊళ్లో పట్టుకోవాలి? దేశాల మధ్య కూడా ఇదే కథ. దసరా నాళ్లలో బీహారు, ఉత్తరప్రదేశ్‌ల మేకలు నేపాల్‌కు వెళతాయి. పొరుగున బంగ్లాదేశ్‌కూ, పాకిస్తాన్‌కూ ఈ వ్యాధి కొత్త కాదు. ఒక్క దేశం శుభ్రపడితే చాలదు.

అంకెలలో మరొక మాయ ఉన్నది. ఇన్ని కోట్ల టీకాలు వేశామని మంత్రులు సమాధానమిస్తారు. కాని మేక త్వరగా ఈనేది, త్వరగా కోతకు వెళ్లేది. నిరుడు టీకా వేసిన మందలో ఈ ఏడు పెద్ద భాగం కొత్త పిల్లలే. కనుక సభ్యులు అడగవలసింది టీకాల మొత్తం కాదు. నాలుగు నెలలు నిండిన పిల్లలలో ఎన్నింటికి అందిందీ, రక్తపరీక్షలో ఎన్నింటికి రక్షణ కనిపించిందీ, కరిగించిన టీకా చల్లదనం పోకముందే వాడారా లేదా అన్నది.

గడువు సంగతి కూడా సరిగా అర్థం చేసుకోవాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం వ్యాధిరహిత దేశంగా గుర్తింపు పొందాలంటే 24 నెలల పాటు ఒక్క కేసు ఉండరాదు, ఆ 24 నెలల్లో టీకా కూడా వేయరాదు. అంటే 2030 ముగిసేలోగా ఆ అర్హత సంపాదించాలన్నా, చివరి రోగపు మేకా, చివరి టీకా 2028 దాటరాదు. కృషి భవన్ గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి ఎర్ర సిరాతో గుర్తు పెట్టారో లేదో, వచ్చే సమావేశాలలో ఎవరైనా ఒక సభ్యుడు నక్షత్ర ప్రశ్న వేస్తే తెలుస్తుంది.