ఆపరేషన్ ఉచితం, మరి ఆ తర్వాత?

గుండెకు చిల్లు ఉన్న బిడ్డకు ఆపరేషన్ అంటే ఒకప్పుడు ఉన్న ఎకరమో అరెకరమో అమ్ముకోవడమే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చాలా ఇళ్లలో ఆ భయం తగ్గింది. 2021లో టీటీడీ తిరుపతిలో పిల్లల కోసమే గుండె ఆస్పత్రి తెరిచింది. ఇవి చిన్న సంగతులు కావు. కానీ మన లెక్కలు ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరే ఆగిపోతున్నాయి. ఎన్ని సర్జరీలు చేశారో ప్రభుత్వాలు చెబుతాయి. ఆ తర్వాత బిడ్డను కనిపెట్టుకుని ఉన్న తల్లి ఎక్కడ పడుకుందో, ఏం తిన్నదో ఎవరికీ పట్టదు.

ఐసీయూలో తొలి గంటలు డాక్టర్లవి, నర్సులవి. ఒప్పుకోవాల్సిందే. ఇన్ఫెక్షన్ భయమూ నిజమే. కానీ వెంటిలేటర్ తీశాక, ఛాతీకి డ్రెయిన్ గొట్టాలతో కళ్లు తెరిచిన పిల్లాడు వెతికేది అమ్మనే. చాలాచోట్ల ఆమెకు దొరికేది పూటకు కాసేపు చూసే పాస్. ఇంగ్లండ్‌లోనూ ఒకప్పుడు ఇదే తంతు. ఆస్పత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాప మీద పరిశోధకుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో తీసిన చిత్రం అక్కడి వైద్యుల్ని ఇరుకున పెట్టింది. 1959లో అక్కడి ప్రభుత్వ ప్లాట్ కమిటీ పిల్లల్ని చూసే వేళల మీద ఆంక్షలు ఎత్తేయమంది, తల్లులు ఉండే వీలు కల్పించమంది. చేతులు కడిగించి, గౌను తొడిగించి లోపలికి పంపడం మనకు చేతకాని పనా?

అసలు బరువు డిశ్చార్జి రోజున మీద పడుతుంది. కోసిన రొమ్ము ఎముక గట్టిపడటానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అందాకా చంకల్లో చేతులు పెట్టి బిడ్డను ఎత్తకూడదు. తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి వేసి ఎత్తాలి. ఒంట్లో నీరు తగ్గించే మందు ఇస్తే మిల్లీలీటరు తేడా రాకుండా కొలిచి పొయ్యాలి. జ్వరం, కుట్ల దగ్గర చీము, పాలు తాగుతుంటే ఆయాసం, చెమటలు: ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు. పుచ్చిపోయిన దంతాల నుంచి క్రిములు గుండెకు పాకొచ్చని ఎందరికి తెలుసు? ఇదంతా హడావుడిగా చెప్పి, ఇంగ్లిషు కాగితం చేతిలో పెడతారు. ఎవరు చదవాలనో!

బెంగళూరు నారాయణ హృదయాలయలో నూరా హెల్త్ సంస్థ గుండె రోగుల కుటుంబాలను కూర్చోబెట్టి ఈ జాగ్రత్తలు నేర్పడం మొదలుపెట్టింది. దానికి కోట్ల యంత్రాలు అక్కర్లేదు. ఒక నర్సు, ఒక గంట, మనకైతే తెలుగు చాలు.

ఇక కూలి సంగతి. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే ఆరోగ్య ఆసరాను ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో తెచ్చింది. కోలుకోవడం కూడా ఖర్చేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. అయితే రోగి పసివాడైనప్పుడు పని మానుకునేది తల్లో తండ్రో. ఆ కూలి నష్టాన్ని, పక్కనుండే మనిషి భోజనాన్ని, పడకను, ఆ గంట శిక్షణను పిల్లల గుండె సర్జరీ ప్యాకేజీలోనే చేర్చాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు ఆ పని చేయాలి.