టికెట్ లేని పండగ

ఉచితం అనే మాట చెవిన పడితే చాలు, మన దగ్గర రెండు పక్షాలు తయారవుతాయి. ఖజానా ఏం కావాలని ఒకరు, పేదవాడి సంగతేమిటని ఇంకొకరు. బస్సు మీదా ఇదే గొడవ, కరెంటు మీదా ఇదే గొడవ. అందుకని ఈ వారం ఎవరూ పెద్దగా తగువు పెట్టుకోని ఒక ఉచితం గురించి రాస్తాను. అది సియోల్‌లో ఉంది.

కొరియావాళ్ల పంటల పండగ చుసోక్. చాంద్రమానంలో ఎనిమిదో నెల పౌర్ణమికి వస్తుంది. మూడు రోజులు సెలవు. కొత్త బియ్యప్పిండిలో నువ్వులో చిక్కుడు గింజలో కూరి, పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికించిన సోంగ్‌ప్యోన్ తింటారు. పెద్దలకు నైవేద్యం పెడతారు, వాళ్ల సమాధుల మీద పెరిగిన గడ్డి కోస్తారు. ఇవన్నీ సొంతూళ్లో జరగాల్సిన పనులు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే చుసోక్‌కి సియోల్ జనం ఊరిదారి పడతారు. 2017 నుంచి, కరోనా కాలాన్ని మినహాయిస్తే, ఆ పండగ రోజుల్లో అక్కడి ఎక్స్‌ప్రెస్ హైవేల మీద టోల్ వసూలు చేయడం లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర పండగ ముందు రాత్రి గడిపినవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.

ఊరు వెళ్లేవాళ్లకు టోల్ మాఫీ. మరి వెళ్లడానికి ఊరు లేనివాళ్లకు? పరాయి దేశం నుంచి పనికి, చదువుకి వచ్చినవాళ్లు, ఇంటివాళ్లతో పొసగనివాళ్లు, పండగ పూట కూడా డ్యూటీ ఉన్నవాళ్లు నగరంలోనే మిగిలిపోతారు. చాలా హోటళ్లు, చిన్న దుకాణాలు మూసి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే సియోల్‌లోని నాలుగు రాజప్రాసాదాలు, అంటే గ్యోంగ్‌బోక్‌గుంగ్, చాంగ్‌డోక్‌గుంగ్, డోక్సుగుంగ్, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్, వాటితోపాటు జోసోన్ రాజుల పూజామందిరం జోంగ్‌మ్యో, రాజసమాధులు టికెట్ లేకుండా తెరిచి ఉంటాయి. 2025లో చుసోక్ చుట్టూ వేరే సెలవులు కూడా కలిసొచ్చాయి. అక్టోబరు 3 నుంచి 9 దాకా ఏడు రోజులూ వారపు సెలవు కూడా లేకుండా తెరిచారు.

నిజానికి మిగిలే డబ్బు ఎంతని? గ్యోంగ్‌బోక్‌గుంగ్ టికెట్ 3000 వోన్లు, మన లెక్కన 200 రూపాయల లోపే. డోక్సుగుంగ్‌కైతే 1000 వోన్లు. హాన్‌బోక్ కట్టుకుని వెళితే ఏ రోజైనా ప్రవేశం ఉచితమే. అందుకే కోటల చుట్టూ సంప్రదాయ దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలు వెలిశాయి. ఆ తళుకులూ లేసులూ చూసి పాతకాలంవాళ్లు మొహం చిట్లిస్తారనుకోండి, అది వేరే కథ. కాబట్టి పండగ కానుక డబ్బులో లేదు. అంతా మూసి ఉన్న రోజున ఈ గుమ్మాలు తెరిచి ఉండటంలో ఉంది.

అయితే గుమ్మం తెరవడం ఎప్పుడూ మంచిపనే అనుకోవడానికి వీల్లేదు. చాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌ని అడగండి. జపాన్ పట్టు బిగుస్తున్న 1909లో ఆ ప్రాసాదంలో జంతుప్రదర్శనశాల, ఉద్యానవనం పెట్టి జనాన్ని రానిచ్చారు. 1911లో ప్రాసాదం అనే మాటనే తీసేసి పేరును చాంగ్‌గ్యోంగ్‌వోన్‌గా, అంటే ఉత్త తోటగా మార్చారు. చెర్రీ చెట్లు నాటారు. రాజులు నడిచిన చోట ఏనుగులూ కోతులూ. చిత్రమేమిటంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాలపాటు సియోల్ పిల్లలకు అదే ఆటవిడుపు. అవమానంగా మొదలైనది రెండు మూడు తరాలకు తీపి జ్ఞాపకమై కూర్చుంది. 1983లో పాత పేరు తిరిగి ఇచ్చారు, జంతువులను ఊరి బయట కట్టిన కొత్త పార్కుకు తరలించారు. 1909 నాటి తెల్లటి గాజు మొక్కలశాల మాత్రం ఇప్పటికీ ఉంది. చరిత్రను తుడిచేయకుండా దాన్ని ఉంచడం నాకు నచ్చింది.

గ్యోంగ్‌బోక్‌గుంగ్ కథ ఇంకోరకం. 1395లో కట్టారు, 1592 జపాన్ దండయాత్రప్పుడు కాలిపోయింది. దాదాపు 270 ఏళ్లు పాడుబడి ఉన్నదాన్ని 1860లలో, అప్పుడు గద్దె మీదున్న బాలరాజు తండ్రి హుంగ్‌సోన్ డేవోన్‌గున్ తిరిగి కట్టించాడు. విరాళాల పేరుతో బలవంతపు వసూళ్లు. అదీ చాలక పాత నాణేనికి వంద రెట్ల విలువ అని ముద్ర వేసి కొత్త నాణెం వదిలాడు. ధరలు ఆకాశాన్నంటాయి. అంటే ఈ కోటకు జనం టికెట్ డబ్బు ఎప్పుడో కట్టేశారు. మనవల మనవలు ఏడాదికి కొన్ని రోజులు ఊరికే లోపలికి వెళితే ఖజానా బాకీ తీరిందని కూడా అనలేం.

అక్కడ అన్నీ తెరిచి వదిలేయరు కూడా. చాంగ్‌డోక్‌గుంగ్ వెనక తోటకు పండగైనా టికెట్ కొనాల్సిందే, లెక్క ప్రకారమే పంపుతారు. పాత చెట్లూ చెరువులూ ఉన్న చోటు జనం తొక్కిడికి తట్టుకోలేదు. ఉచితాన్ని ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ల ఉచితం కాబట్టే దాని మీద నాకు గురి.

జాతీయ మ్యూజియం లెక్క తిరగబడింది. శాశ్వత ప్రదర్శనలకు 2008 నుంచి టికెట్టే లేదు, కానీ చుసోక్ రోజున మూసేస్తారు. 2025లో నెట్‌ఫ్లిక్స్ యానిమేషన్ చిత్రం ‘కేపాప్ డీమన్ హంటర్స్’ ఊపులో సందర్శకులు తొలిసారి 60 లక్షలు దాటారు. దాంతో ఇక టికెట్ పెడదామన్న చర్చ లేచింది. టికెట్ పెడితే రద్దీ తగ్గుతుందంటున్నారు. తగ్గుతుంది, కానీ తగ్గేది ఎవరు? సినిమా చూసి విమానమెక్కి వచ్చినవాడు 3000 వోన్లకు వెనక్కి పోడు.

మన పురావస్తు శాఖ కూడా కట్టడాలను ఉచితంగా తెరుస్తుంది. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19న వారసత్వ వారం మొదటి రోజు. ఈ తేదీలు ఆ శాఖ ఉద్యోగులకు తప్ప ఎవరికి గుర్తుంటాయి? చార్మినార్ ఎక్కడానికి మనకు 25 రూపాయలు, చాలామంది విదేశీయులకు 300. ఆ రెండు ఉచిత దినాల్లో ఒకదాన్ని సంక్రాంతికో రంజాన్‌కో జరిపితే ఖర్చేమీ పెరగదు. ఊరెళ్లలేక బస్తీలో మిగిలిపోయిన ఒడిశా కూలీకి, బీహారీ కుర్రాడికి పండగ పూట గోల్కొండ ఎక్కే వీలు దొరుకుతుంది.

2026లో చుసోక్ సెప్టెంబరు 25న వస్తోంది. అప్పటికి కొరియాలో ఉండే తెలుగువాళ్లు ముందు జోంగ్‌మ్యోకి వెళ్లండి. మామూలు రోజుల్లో చాలావరకు గైడ్ వెంట గుంపుగా నడవాలి, సెలవు రోజుల్లో మీ ఇష్టం. రాజుల, రాణుల 49 ఆత్మఫలకాలుండే పొడవాటి ప్రధాన మందిరానికి అయిదేళ్లు మరమ్మతులు చేసి, 2025 ఏప్రిల్‌లో ఫలకాలను ఊరేగింపుగా తిరిగి తెచ్చారు. వెళ్లడాన్ని మాత్రం చివరి రోజు దాటనివ్వకండి. సెలవులైపోయిన మర్నాడు సాధారణంగా కోటలు మూసేస్తారు, పండగంతా కాపలా కాసిన సిబ్బంది ఆ రోజు ఇంటికి వెళతారు.